కక్కుమెట్ట సన్నికల్లు

ఊరు ఒప్పుకుందన్న కబురు వచ్చేసరికి మేదిని పెరట్లో జీడిమామిడి పండు తింటోంది. ఆ పండు తినడం ఒక విద్య. కొరికితే రసం మోచేతి దాకా కారుతుంది. చీర మీద పడిందా, ఆ మరక ఏ సబ్బుకీ లొంగదు. అందుకని కొంగు వెనక్కి దోపి, నడుం వంచి, మెడ ముందుకు చాచి, చేలో కొంగలాగా నిలబడి తినాలి. పెళ్లయి ఈ ఊరొచ్చాక ఆమె నేర్చుకున్న మొదటి విద్య అదే. అగ్నిపర్వతాల మీద చేసిన పరిశోధన కంటే ఇప్పుడామెకి దాని మీదే గర్వం ఎక్కువ.

"మేదినీ, ఒప్పేసుకున్నారు," అంటూ దొడ్డిగుమ్మంలోంచి వచ్చాడు తాతాజీ.

తాతాజీ ఆమె మొగుడు. ఊళ్లో జీడిపప్పు బట్టీ నడుపుతాడు. ముప్పై కూడా నిండని మనిషికి తాతాజీ ఏమిటని ఆమె పెళ్లికి ముందే అడిగింది. తాత పేరు పెట్టుకున్నారట, మామగారి పేరు నోటితో పలకలేక తల్లి అలా పిలిచిందట, అదే స్థిరపడిపోయిందట. ఆ పేరు తలుచుకుని ఆమె నవ్వని పూట లేదు.

"ఎవరు ఒప్పుకున్నారు?"

"ఎవరేంటి, ఊరు. సన్నికల్లు మీ లేబొరేటరీకి ఇచ్చేత్తారంట. బుల్లబ్బాయి బాబాయి ఇప్పుడే చెప్పాడు. ఆడాళ్లందరినీ అడిగాకే చెబుతున్నాను అన్నాడు."

సగం తిన్న పండు చేతిలో ఉండగానే మేదిని అతని మెడ చుట్టూ చేతులు వేసింది. ఉతికిన తెల్ల చొక్కా వీపు మీద పసుపుపచ్చని రసం చారలు కట్టింది.

"నువ్వు బంగారం, తాతా."

వంటింటి కిటికీలో అత్తగారు అప్పయ్యమ్మ దగ్గింది. మేదిని గబుక్కున దూరం జరిగి, "మీరు బంగారమండీ," అని సవరించుకుంది.

"ఆ మరక నేను ఉతకను," అంది లోపల్నించి అప్పయ్యమ్మ. "పెట్టినోళ్లే ఉతుక్కోవాలి."

పెళ్లిలో పెళ్లికూతురి కాలు పెట్టించే సన్నికల్లు మిగతా ఊళ్లలో ఇంటికొకటి ఉంటుంది. గిన్నెలోవలో ఊరందరికీ ఒక్కటే. ఈ ఊరి పిల్ల పెళ్లయినా, ఈ ఊరికి కోడలొస్తున్నా అడుగు వేయాల్సింది దాని మీదే. మేదిని పెళ్లి విశాఖపట్నంలో జరిగితే ఆ రాయి కారు డిక్కీలో, గోనెపట్టా చుట్టుకుని, దానికో మనిషి తోడుగా అంత దూరమూ వెళ్లింది. తాతాజీ ఆమె కాలు పట్టుకుని దాని మీద పెట్టి మెట్టెలు తొడుగుతుంటే చల్లగా, నున్నగా, మడమకి సరిపడా పల్లంతో ఉందని మాత్రం ఆమెకి తెలిసింది. ఎన్ని పాదాలు తొక్కితే రాయికి పల్లం పడుతుందోనని ఆశ్చర్యపోయింది కూడా. తర్వాత ఇద్దరు మనుషులు రాయిని పక్కకి ఎత్తారు. అప్పుడు కనిపించింది దాని అడుగుభాగం.

నల్లగా, తళతళా, గాజులాగా.

పంతులుగారు మంత్రం చెబుతుండగా, బాసికం కట్టుకున్న పెళ్లికూతురు పీటల మీంచి లేచి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని సన్నికల్లు కిందకి తొంగి చూసింది. "మీ పిల్లకి ఏమన్నా పడిపోయిందా అండీ?" అని అటువైపు వాళ్లు అడిగారు. పడిపోలేదు, దొరికింది. గిన్నెలోవ చుట్టూ ఉన్న కక్కుమెట్ట మీద ఎండల్లో గుడారాలేసుకుని వాళ్ల బృందం వెతికి వెతికి వదిలేసిన నల్లగాజు పొర, వెడల్పాటి పలకగా, ఆమె పెళ్లిలో ఆమె కాళ్ల కింద ఉంది.

ఆ రోజు నించీ ఆ రాయిని ఊరిని అడగాలంటే ఎలాగా అన్నదే ఆమె దిగులు. అడగడం ఎందుకు కష్టమంటే, తీసుకున్నాక తిరిగి ఇవ్వడం ఉండదు.

* * *

సంతోషవార్త తమ బృందానికి పెద్ద అయిన డాక్టర్ మందాకిని గారికి చెప్పడానికి మొగుడూ పెళ్లాం బైకు మీద అంచు ఎక్కారు.

గిన్నెలోవ ఉన్నది ఒక చల్లారిన అగ్నిపర్వతం నోట్లో. మేదిని వాళ్లు వచ్చి చెప్పేదాకా ఊళ్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. చెప్పాక కూడా ఎవరూ కంగారుపడలేదు. "ఇంతకాలం నోరు తెరుచుకునే ఉంది, మమ్మల్ని మింగలేదు గదండీ," అన్నాడు సర్పంచి బుల్లబ్బాయి. చుట్టూ గోడలాగా లేచిన కొండని వాళ్లు అంచు అంటారు, పొరుగూరు వెళ్లడాన్ని అంచు దాటడం అంటారు. అంచు మూలాన ఇక్కడ తెల్లవారడం ఆలస్యం, పొద్దుగూకడం తొందర. కొత్తగా పెళ్లయినవాళ్లకి ఇంతకంటే మంచి ఊరు ఉండదని మేదిని అభిప్రాయం.

బైకు మలుపు తిరిగినప్పుడల్లా కొండ తన కథలో ఒక్కో పుట చూపిస్తుంది. అట్టడుగున నల్లరేగడి, అందులో జీడితోటలు. పడమటివైపు అంచు కోసేసినట్టుండే గండి. పూర్వం రైలుకట్టకి కంకర కావాలని కంట్రాక్టర్లు అక్కడ కొండని తవ్వుకుపోయారు. లావా ఒకప్పుడు మడుగులోకి దిగి గడ్డకట్టిన చోటు సరిగ్గా అదే. సన్నికల్లుగా మిగిలిన ఆ ఒక్క పలకా, ఏరుకున్న కొన్ని పెచ్చులూ తప్ప నల్లగాజంతా పట్టాల కిందకి పోయింది. ఆ గండి పడ్డాకే ఊళ్లోకి బండ్లదారి వచ్చింది. పైన శిఖరం మీద తెల్లదొర సర్వేకోసం పేర్చిన రాళ్లగుట్ట, దానికి దిగువన ఏ దొరలదో తెలియని కోటగోడ మొండెం. తూర్పువాలు నిండా గుట్టలు గుట్టలుగా రాళ్లు. అవన్నీ కొండ కక్కినవని మేదిని వాళ్లు పటంలో గీసుకున్నారు.

అంచు మీద పాడుబడ్డ బంగళాలో ఉంది వాళ్ల ప్రయోగశాల. మందాకిని గారు కిటికీ దగ్గర కూర్చుని అగ్గిపెట్టెంత నల్లగాజు పెచ్చుని బ్రష్షుతో దులుపుతున్నారు. మేదిని ఎడమవైపు నిలబడి చెప్పిన మాట ఆవిడకి వినబడలేదు. కుడివైపుకి వచ్చి మళ్లీ చెప్పింది.

ఆవిడ బ్రష్షు కింద పెట్టారు. తర్వాత, "మీ ఆవిడ మొహం చూస్తే జీడిపండంతా మొహానికే పూసుకున్నట్టుంది. తుడవవయ్యా," అన్నారు తాతాజీతో. ఆవిడ సంతోషం వెలిబుచ్చే పద్ధతి అది.

"అసలు రాయి మీద చేసేముందు ఒకసారి చేయి సరిచేసుకుందాం రా," అంటూ ఆ పెచ్చుని యంత్రంలో బిగించారు.

ఆ యంత్రాన్ని వాళ్లు సూది అంటారు. కరిగిన రాయి నీళ్లలో పడ్డప్పుడు దాని పైచర్మం కంటిరెప్పపాటులో గాజైపోతుంది. దాని వెనక ఇంకో పొర, దాని వెనక ఇంకొకటి. ఒక్కో పొర బిగుసుకునే ఆ రెప్పపాటులో చుట్టుపక్కల ఏ చప్పుడు ఉంటే ఆ చప్పుడికి తగ్గట్టు వణుకుతూ బిగుసుకుంటుంది. సూదిలోంచి వచ్చే సన్నని వెలుగు ఆ వణుకుని పొర తర్వాత పొరగా ఒలుచుకుంటూ చదువుతుంది. ఒలిచిన పొర ఆవిరైపోతుంది. అందుకే ఏ రాయినైనా ఒక్కసారే వినగలరు.

పెచ్చు ఎర్రబడింది. చిటపటమంది. స్పీకర్లో ముందు బుసబుసా పొగలు కక్కే చప్పుడు. దాని వెనక సన్నగా, తెరలు తెరలుగా, వాన. ఇరవై వేల ఏళ్ల కిందట ఈ కొండ మీద కురిసిన వాన. మేదిని ఇంతకుముందు ఎన్నోసార్లు విన్నా ప్రతిసారీ కిటికీలోంచి చేయి బయట పెట్టి చూడబుద్ధేస్తుంది. ఆపైన ఇంకోటి వినిపించింది. బెక. కాస్త ఆగి, మళ్లీ బెక.

తాతాజీ నోరు తెరిచాడు. "కప్పేనండీ."

మందాకిని గారు కుడిచెవిని స్పీకరుకి ఆనించేశారు. పెచ్చు పుటుక్కున పగిలి మసిలాగా రాలిపోయింది. స్పీకరు మూగబోయింది.

"ఏమిటది? చివర్లో ఏదో అంది," అన్నారు.

"కప్ప, మేడమ్. రెండుసార్లు అరిచింది."

"రెండుసార్లా," అన్నారావిడ. "నాకు ఒక్కసారే వినిపించింది." బల్ల మీది మసిని వేలితో మెల్లగా ఒక దగ్గరికి పోగు చేశారు. "ఎడమది పోయింది. కుడిదానికి డాక్టరు ఇంకో వేసవి గ్యారంటీ ఇవ్వనన్నాడు. మనిషి గొంతు వినాలి మేదినీ, కప్పల కోసం కాదు నేను ఇక్కడికొచ్చింది. కొండ కక్కుతుంటే గట్టున నిలబడి ఎవరో ఒకరు అరిచి ఉంటారు. పిల్లల్ని పిలిచి ఉంటారు. చూసినవాళ్లు ఉండబట్టే కదా ఆ పేరు పెట్టారు."

అది మేదిని మాటే. దేశంలో ఇన్ని చల్లారిన కొండలుండగా దీన్నే ఎందుకు ఎంచుకోవాలని ప్రాజెక్టు పెద్దలు అడిగినప్పుడు ఆమె లేచి చెప్పిన జవాబు ఒక్క మాట, కక్కు. కక్కిన మెట్ట కాబట్టి కక్కుమెట్ట. కొండ కక్కడం కళ్లారా చూసినవాళ్లు తప్ప ఇంకెవరు పెడతారా పేరు? మొన్న ఊరివాళ్ల ముందు నిలబడి కూడా ఆమె అదే చెప్పింది. మీ పెద్దల గొంతులు ఆ రాతిలో ఉన్నాయి, మీ మెట్ట పేరే సాక్ష్యం అంది. తాతాజీ ఆ మాట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు.

* * *

సంతోషానికి గారెలు వండాలన్నాడు తాతాజీ. మిక్సీలో మినప్పప్పు పోసేసరికి కరెంటు పోయింది.

"రుబ్బురోలు ఉంది గదమ్మా," అంది అప్పయ్యమ్మ. "పట్నంలో పుట్టినా చేతులున్నాయి గదా."

మేదినికి అదీ ఒక ముచ్చటే. రోటి ముందు పీట వేసుకుని కూర్చుంది. నల్లటి కొండరాయి రోలు, దాని నోట్లో సరిగ్గా కూర్చున్న పొత్రం. తిప్పితే లోపల పప్పు జారుతుంది తప్ప నలగడం లేదు. తిప్పగా తిప్పగా చేతులు నొప్పెట్టాయి గానీ పప్పు పప్పులాగే ఉంది.

"నాకు రావడం లేదా, రోలుకి రావడం లేదా అత్తయ్యా?"

అప్పయ్యమ్మ వచ్చి రోటిలోపల అరచేయి పెట్టి చూసింది. "నున్నబడిపోయింది. కక్కు కొట్టించాలి."

మేదిని చేయి ఆగింది. "ఏమిటి కొట్టించాలి?"

"కక్కు. ఉలితో గాట్లు పెడతారు చూడు, గరుగ్గా ఉండాలని. తిరగలికీ కొడతారు, సన్నికల్లుకీ కొడతారు. మీ ఇంట్లో రోలు లేదేంటి?"

"అమ్మ గ్రైండరు వాడేది."

"అదీ సంగతి. ఎనకటికి ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ రోళ్లూ తిరగళ్లూ ఈ మెట్ట మీంచే వెళ్లేయంట. మా అత్త చెప్పేది. మెట్ట మీద రోజంతా టకటకా కక్కు కొట్టే చప్పుడేనంట. ఇప్పుడు ఎవరున్నారు కొట్టేవాళ్లు?" అని ఆవిడ పొత్రం తీసి పక్కన పెట్టింది. "పోనీలే, గారెలు రేపు వండుకుందాం. ఏమ్మా, అలా ఉండిపోయావు? పప్పు మీద అంత బెంగ పెట్టుకోకు."

మేదిని తడిచేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయి లేచింది.

* * *

తూర్పువాలు మీద ఎండ అప్పుడే తిరుగుతోంది. ఆమె ముందు నడుస్తోంది, తాతాజీ వెనక. ఎందుకొచ్చారో ఆమె ఇంకా చెప్పలేదు.

కొండ కక్కిన రాళ్లనుకుని ఇన్నాళ్లూ పక్కనించి పోయిన గుట్టల్లో ఒకదాని ముందు కూర్చుంది. పై రాయిని తిప్పింది. దాని ఒకపక్క గుండ్రంగా చెక్కి ఉంది. ఇంకోదాన్ని తిప్పింది. మధ్యలో సగం దాకా తొలిచిన రంధ్రం. తిరగలి కావలసిన రాయి, చెక్కుతుండగా బీట తీస్తే వదిలేశారు. గుట్టంతా ఉలి రాల్చిన పెచ్చులు. పక్క గుట్ట కూడా అదే. ఆ వాలంతా ఒక పెద్ద పనిశాల.

"రోజూ ఇటేపే కదా వత్తావు," అన్నాడు తాతాజీ. "ఇప్పుడేమైంది?"

"ఇక్కడ కూర్చుని రోళ్లు చెక్కారు. కక్కు కొట్టారు. అందుకని ఇది కక్కుమెట్ట."

"అవును. అయితే ఏంటి?"

"అవునేమిటి, నీకు తెలుసా?"

"అమ్మ అంటుంటే వింటాను కదా. అదీ కక్కే, ఇదీ కక్కే. నువ్వు చదువుకున్నదానివి, కొండ కక్కడం అన్నావు. నిజమే కాబోలు అనుకున్నాను. బావుంది కూడానూ." అతను ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు.

ఆమె సగం తొలిచిన రాయిని ఒళ్లో పెట్టుకుంది. "పేరు పెట్టినవాళ్లు కొండ పేలడం చూడలేదు తాతా. వాళ్లు వచ్చేసరికే ఇది చల్లారి ఎన్నో వేల ఏళ్లయింది. గట్టున మనుషులు నిలబడ్డారనడానికి నా దగ్గరున్న ఆధారం అదొక్కటే. ఇప్పుడది లేదు."

"అయితే మనుషులు లేరంటావా?"

"లేరని కాదు. ఉన్నారని తెలియదు. సన్నికల్లుని కాలిస్తే మనిషి గొంతు రావచ్చు. ఉత్త వానా రావచ్చు. ఏది వచ్చినా రాయి మాత్రం పగులుతుంది."

తాతాజీ దూరంగా ఊరి వైపు చూశాడు. "సూర్యకాంతం పెద్దమ్మ ఒప్పుకోలేదు తెలుసా ముందు. ఆవిడ కూతురు కాపురానికెళ్లిన ఏడాదికే పోయింది. ఆ పిల్ల కాలు పెట్టిన రాయి అదొక్కటే మిగిలింది అంది. నేనేమన్నానంటే, పెద్దమ్మా, అందులో మన పెద్దోళ్ల గొంతుంది, అది వింటే మీకూ బాగుంటది అన్నాను. నీ మాట మీద నేను చెప్పాను, నా మాట మీద ఆవిడ ఒప్పుకుంది."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది మేదినికి.

"చెప్పేద్దామా?" అంది.

"చెప్పకపోతే నేను ఆ వీధిలోంచి బైకు మీద వెళ్లలేను," అన్నాడు తాతాజీ.

* * *

మందాకిని గారు అంతా విన్నారు. రెండోసారి చెప్పించుకోలేదు కాబట్టి మొదటిసారే వినిపించిందన్నమాట.

"ఒక మాటకి రెండు అర్థాలున్నాయని ప్రాజెక్టు ఆపేస్తామా?"

"ఆపమనడం లేదు మేడమ్. వాళ్లకి చెప్పాలి అంటున్నాను."

"చెబితే ఇవ్వరు."

"ఇవ్వకపోవచ్చు."

"రాతిలో గొంతు ఉండే అవకాశం నిన్న ఎంతుందో ఇవాళా అంతే ఉంది. మారింది నీ నమ్మకం, రాయి కాదు." ఆవిడ లేచి సూది మీద గుడ్డ కప్పారు. "ఇది సైన్సు కోసం చెబుతున్నావా, అత్తారింట్లో మంచి కోడలనిపించుకోడానికా?"

ఆ మాట మేదినికి చెంప మీద తగిలినట్టయింది. "రెండూనేమో మేడమ్. నేను కోడలిని కాకపోతే ఆ రాయి మనకి కనిపించేదే కాదు. ఇప్పుడు మాత్రం కోడలిని కానట్టు ఉండమంటే ఎలా?"

మందాకిని గారు చెప్పులు తొడుక్కున్నారు. "నేనూ వస్తాను పద," అన్నారు. "నా ముందరే చెప్పు."

* * *

బడి వరండాలో ఆడవాళ్లంతా చేరారు. సన్నికల్లు మధ్యలో ఉంది, ఇంకా పసుపు రాసే ఉంది. మగవాళ్లు మెట్ల కింద నిలబడ్డారు. ఈ రాయి సంగతిలో వాళ్ల మాట చెల్లదు. సర్పంచి బుల్లబ్బాయికి మాత్రం కుర్చీ వేశారు, అదీ పదవికి గౌరవమే గానీ అభిప్రాయానికి కాదు.

మేదిని నిలబడి చెప్పింది. తను పొరబడ్డానంది. మెట్ట పేరు రోళ్ల మూలాన వచ్చిందంది, కొండ మండటం చూసినవాళ్ల మూలాన కాదంది. రాతిలో పెద్దల గొంతులున్నాయని తను చెప్పడానికి ఇప్పుడు ఆధారం లేదంది. చెబుతున్నంతసేపూ సూర్యకాంతం వైపు చూడలేకపోయింది.

అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు.

"కక్కు అంటే తెలీదా కోడలుగారికి?"

"మిక్సీల కాలం గదే, ఎలా తెలుత్తుంది?"

"అంతోటి చదువు చదివి, వాంతి అనుకుందంట మన మెట్ట పేరుని."

వరండా అంతా నవ్వులు. మేదినికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నవ్వుల్లో చేరనిది సూర్యకాంతం ఒక్కతే. నవ్వులు తగ్గాక ఆవిడ అడిగింది, "అయితే ఇప్పుడు కాల్చరా?"

"మీరు వద్దంటే కాల్చం, పెద్దమ్మా."

"వద్దనే అంటన్నాను."

"అంతేనమ్మా," అన్నారు పక్కవాళ్లు. "ఎవరి గొంతో తెలీని దానికి మన రాయి పగలగొట్టుకోవడమేంటి?"

అప్పుడు మందాకిని గారు ముందుకొచ్చారు. ఆవిడ కుడిచెవిని వాళ్ల వైపు తిప్పి నిలబడటం చూసి అప్పయ్యమ్మకి అర్థమైంది. "మీకు వినబడదాండీ?" అంది, ఆడవాళ్లు ఆడవాళ్లని అడిగే తీరులో, మొహమాటం లేకుండా.

"ఇటు వినబడుతుంది. ఇంకొన్నాళ్లు," అన్నారావిడ. "అది పోయేలోపల రాతిలోంచి మనిషి గొంతు వినాలని. చిన్నప్పటి నించీ అదో పిచ్చి. మీకు చెప్పుకోవలసిన సంగతి కాదు."

దూరంగా ఎవరో గేదెని అదిలిస్తున్న కేక అంచుకి తగిలి తిరిగొచ్చింది. సూర్యకాంతం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తీసింది. పక్కనున్న మనిషితో ఏదో గుసగుసలాడింది. చివరికి, "పోనీ కాల్చుకోండమ్మా," అంది. "రేపన్నరోజు మీరు వినలేకపోతే ఈ రాయిని చూసినప్పుడల్లా నాకు మనసులో పీకుతానే ఉంటది."

"అవును, కాల్చుకోనీయండి," అన్నారు ఇంకో ఇద్దరు.

మేదిని మందాకిని గారి వైపు చూసింది. ఆవిడ కోరుకున్నది చేతికందింది. ఈసారి అబద్ధం మీద కాదు, అంతా తెలిసే ఇస్తున్నారు. ఒక్క తల ఊపితే చాలు. ఆవిడ వంగి సన్నికల్లు మీది పల్లంలో అరచేయి పెట్టారు. చాలాసేపు అలాగే ఉంచారు.

"ఇక్కడ పాదం పెట్టిన పిల్లల్లో ఎవరన్నా ఏమన్నా అన్నారా, పెట్టినప్పుడు?" అని అడిగారు.

"నేను అమ్మో అన్నాను, చల్లగా ఉందని," అంది ఒకావిడ.

"నేను మా ఆయన కాలు గట్టిగా పట్టుకుంటే వదలండి అన్నాను," అంది ఇంకొకావిడ.

"మా పిల్ల నవ్వింది," అంది సూర్యకాంతం. "చక్కిలిగిలి దానికి."

మందాకిని గారు చేయి తీసేశారు. "వద్దు," అన్నారు. "జాలిపడి ఇచ్చిన రాయిని కాల్చి, అందులో వాన ఒక్కటే ఉంటే, నేను మళ్లీ మీ మొహాలు చూడలేను. ఉండనివ్వండి. ఇందులో గొంతుంటే అది ఇంకో వెయ్యేళ్లయినా ఉంటుంది. పగలకుండా చదివే సూది ఎవరో ఒకరు చేస్తారు, అప్పుడు వాళ్లు వింటారు."

"మరి మీరో?" అంది అప్పయ్యమ్మ.

ఆవిడ ఎప్పుడూ బల్లల ముందు నిలబడి మాట్లాడే మనిషి. ఇప్పుడు వరండా మీద, ఆడవాళ్ల మధ్య కూలబడి కూర్చున్నారు. మేదిని ఆవిణ్ణి అలా చూడటం ఇదే మొదలు.

"నేనొక తప్పు చేశాను. రాతిలో మనిషి గొంతు ఎలా ఉంటుందో తెలియకుండానే వెతకడానికి బయల్దేరాను. ముందు తెలిసిన గొంతు ఒకటి రాతిలో పెట్టి, దాన్ని చదివి, ఇలా ఉంటుందన్నమాట అని తెలుసుకుని, అప్పుడు రావాలి. తొందరలో ఆ పని మానేశాను." తూర్పువాలు వైపు చేయి చూపించారు. "అక్కడ పెచ్చులు గుట్టలుగా ఉన్నాయి. మా దగ్గర కొలిమి ఉంది. ఆ పెచ్చుల్ని మళ్లీ కరిగించి నీళ్లలో పోస్తే మళ్లీ నల్లగాజు అవుతుంది. పోసేటప్పుడు పక్కన మనుషులుండాలి. మాట్లాడాలి. అంతే. వచ్చిన పలకలో ఒక ముక్క నేను కాల్చి వింటాను. మిగిలింది మీ ఊరికి."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. మేదినికి అర్థమైంది. ఆమె చిన్న చిన్న మాటల్లో మళ్లీ చెప్పింది. కొండ ఇదివరకు చల్లారినప్పుడు గట్టున మనుషులున్నారో లేదో ఎవరికీ తెలియదు. ఈసారి చల్లారేటప్పుడు మాత్రం ఉంటారు.

"అంటే నేను ఏదన్నా అంటే ఆ రాతిలో ఉండిపోద్దా?" అంది ఒక ముసలావిడ.

"ఉండిపోతుంది మామ్మా. ఇరవై వేల ఏళ్లు."

"మా ఆయన సంగతి చెప్పొచ్చా?"

"మీ ఇష్టం మామ్మా."

"మంచివి చెప్పమంటావా, ఉన్నవి చెప్పమంటావా?"

మెట్ల కింద నిలబడ్డ ముసలాయన చుట్ట తీసి పక్కకి చూశాడు. సూర్యకాంతం మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. కూతుర్ని ఏమని పిలవాలో, ఏ ముద్దుపేరుతో పిలవాలో ఆవిడ ఇప్పటినించే చూసుకుంటున్నట్టుంది.

తాతాజీ వెనకనించి వచ్చి మేదిని పక్కన నిలబడ్డాడు. "నువ్వేమంటావు అందులో?"

"నీ పేరు పెట్టి పిలుస్తాను. విన్నవాళ్లు వెయ్యేళ్ల తర్వాత నాకు ముసలి మొగుడనుకుంటారు."

"అమ్మ ముందు నన్ను నువ్వు అనకూడదని మర్చిపోయావు," అన్నాడతను.

"మీ పేరండీ," అంది మేదిని.

మందాకిని గారు నవ్వారు. ఏది విని నవ్వారో తెలియదు గానీ ఆవిడ కుడిచెవి ఇటువైపే ఉంది.

అప్పటిదాకా నోరెత్తే అవకాశం దొరకని బుల్లబ్బాయి కుర్చీలోంచి లేచి పంచాయతీ ఆఫీసుకి పరిగెత్తినంత పని చేశాడు. కాసేపటికి మైకు కీచుమంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"గిన్నెలోవ గ్రామ ప్రజలందరికీ తెలియజేయడమేమనగా అండీ, రేపు పొద్దున్న ఊటబావి దగ్గర మేడంగారు కొండరాయి కరిగించి నీళ్లలో పోత్తారు. ఆడాళ్లంతా తప్పకుండా రావాలి. మగాళ్లు కూడా రావచ్చు, ఎనకమాల నిలబడాలి. కుక్కల్ని ఇంటికాడ కట్టేసుకోండి, అవి అరిస్తే అవే ఉండిపోతాయంట. పోసేది ఒక్కసారేనండీ. అందుకని ఎవరేం చెప్పాలనుకుంటున్నారో ఇంటి దగ్గరే అనుకుని రండి. అక్కడికొచ్చి ఆలోచిత్తానంటే రాయి ఆగదండీ."